ఆ పెట్టెకు లక్షా అరవై వేలా?

కడప నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు, రెండువైపులా రాశారు. పేరు వేయొద్దన్నారు, ఊరు వేసుకోవచ్చన్నారు. కుదించి చెప్తాను.

రాసినాయన వయసు 38. ఇంటి మేడ మీది గదిలో పదకొండేళ్ళుగా చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నారు. అయ్యప్ప మాలల కాలంలో భజన పాటలు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు, మిగతా రోజుల్లో బట్టల షాపుల ప్రకటనలు. ఇల్లు గడుస్తోంది. కానీ "నేను చేసిన ఏ పాట విన్నా ప్లాస్టిక్ బిందె మీద కొట్టినట్టుంది సార్" అని బాధ. ఆరేళ్ళ కిందట బ్రహ్మంగారి తత్వాలు ఎనిమిది తీసుకుని సొంతంగా ఒక ఆల్బమ్ మొదలుపెట్టారు. ఒక్కో తత్వానికి కంప్యూటర్లో అరవై, డెబ్భై ట్రాకులు, అంటే విడివిడిగా ఎక్కించిన గొంతులు, వాద్యాలు చేరాయి. ఒక్కటీ పూర్తి కాలేదు.

ఈ మధ్య రెండు సంగతులు జరిగాయి. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద రేకు పెట్టెలో తొమ్మిది టేపు రీళ్ళు దొరికాయి. వాళ్ళ జేజినాయన పౌరాణిక నాటకాల్లో హార్మోనియం వాయిస్తూ పద్యాలు పాడేవారట. డెబ్భైల చివర్లో కువైట్ నుంచి బంధువొకరు తెచ్చిన రీలు మిషన్ మీద ఇంట్లోనే రికార్డు చేసుకున్నవి. ఆ మిషన్ ఎప్పుడో పోయింది, రీళ్ళు మిగిలాయి. ఇది జరిగిన నెలకే చెన్నైలో ఒకతని దగ్గర టియాక్ ఎ-3340ఎస్ అమ్మకానికి ఉందని తెలిసింది. నాలుగు ట్రాకుల రీలు మిషన్, డెబ్భైల నాటిది. ధర లక్షా అరవై వేలు. "అమెరికా సరుకు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలు" అన్నాడట.

ఆ డబ్బు ఎక్కడిదంటే, ఆయన భార్య బట్టలు కుట్టిన డబ్బుతో కడుతున్న చీటీ జూన్‌లో చేతికొస్తుంది. పాప ఇంటర్ ఫీజు కోసమని అనుకున్నది. ఈయన మిషన్ మాట ఎత్తగానే ఆమె అన్నది: "ఆ పెట్టెకు లచ్చా అరవై వేలా? మా నాయనోళ్ళ ఇంట్లో అటక మీద ఒక టేప్‌రికార్డర్ ఉండాది, ఊరికే తెచ్చుకోండి." తర్వాత ఇంకో మాట: "అది వస్తే నెలకు ఎన్ని పాటలు ఎక్కువ చేస్తారు?" దానికి ఈయన దగ్గర జవాబు లేదు. పదిహేను రోజులుగా ఇంట్లో ముభావంగా ఉంది. "మీరు టేపు కాలం మనిషి. కొనాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పండి సార్" అని ముగించారు.

ఒక్క మాటలో చెప్పలేను నాయనా. అయినా మీ ఉత్తరంలో ఒకటి నా కంట పడింది, ముందు అది చెప్తాను. ఆరు పేజీలూ నీలం ఇంకు. ఐదో పేజీ మార్జిన్లో మాత్రం అడ్డంగా, నల్ల ఇంకుతో ఒక వాక్యం ఇరికించారు: "ముప్పై వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను, ఇంట్లో తెలియదు." దాని సంగతికి తర్వాత వస్తాను.

మీరు "పాత పాటల్లో ఉండే తీపి" అని నాలుగు చోట్ల రాశారు. ఆ తీపి మల్టీట్రాక్ మిషన్‌దేనని, అంటే ఒకే టేపు మీద ట్రాకులను విడివిడిగా ఎక్కించే మిషన్‌దేనని మీ నమ్మకం. యాభైల, అరవైల తెలుగు సినిమా పాటలు చాలామటుకు మల్టీట్రాక్ రాకముందువి. గాయకుడు, గాయని, వయొలిన్లు, తబలా, అందరూ ఒకే హాల్లో, ఒకేసారి. మైకు ఎవరికి ఎంత దూరంలో ఉందన్నదే అప్పటి మిక్సింగ్. తబలా ఎక్కువ వినిపిస్తే తబలా ఆయన్ని రెండడుగులు వెనక్కి జరిపేవారు. ఎవరో తప్పు పలికితే మొత్తం మొదటికి. మీరు ప్రేమించింది ఆ గదిని. ఒక్కొక్కరినీ విడివిడిగా, వేరువేరు రోజుల్లో పిలిచి పాట అతికించడం మొదలైంది మల్టీట్రాక్ వచ్చాకే. అంటే మీ కంప్యూటర్లోని డెబ్భై ట్రాకులకు ఈ నాలుగు ట్రాకుల మిషన్ సాక్షాత్తూ తాత. రోలు పోయి మద్దెలతో మొర పెట్టుకున్నట్టుంది మీ వ్యవహారం.

అలాగని ఆ మిషన్ గొప్పతనం తక్కువ చేయను. గిటారిస్టు లెస్ పాల్ కోసం ఆంపెక్స్ కంపెనీ 1957లో ఎనిమిది ట్రాకుల మిషన్ తయారుచేసి ఇచ్చింది. అందులో ఒక చిన్న చమత్కారం ఉంది. టేపు మిషన్‌లో చెరిపే హెడ్డు, రాసే హెడ్డు, వినిపించే హెడ్డు వరసగా ఉంటాయి. మొదటి ట్రాకు వింటూ రెండోది పాడితే, వినిపించే హెడ్డు కాస్త అవతల ఉంటుంది కాబట్టి కొత్త పాట పాతదానికన్నా వెనకబడి రికార్డవుతుంది. అందుకని రాసే హెడ్డుతోనే పాత ట్రాకును వినిపించే ఏర్పాటు చేశారు. టియాక్ వాళ్ళు దాన్నే సైమల్-సింక్ అని పేరుపెట్టి ఇళ్ళలో పెట్టుకునే మిషన్లలోకి తెచ్చారు. మీరు చూసిన 3340ఎస్ అదే. ఇంటి గదిలో కూర్చుని ఒక్క మనిషి నాలుగు గొంతులతో పాడుకోవడం మామూలు జనానికి అందిందంటే అందులో ఆ మిషన్ వాటా పెద్దదే.

ఇక ఆ శబ్దం. టేపు మీది ఐరన్ ఆక్సైడ్ పొర ఒక హద్దు వరకే అయస్కాంతత్వం పట్టుకుంటుంది. చెక్కభజన చెక్క గట్టిగా మోగిందనుకోండి, ఆ మొదటి దెబ్బ కొస కంప్యూటర్లో సూదిలా నిలబడుతుంది. టేపు మీద ఆ కొస ఒరుసుకుపోయి గుండ్రంగా వస్తుంది. కింది స్థాయిలో, మద్దెల ఎడమ పక్క మోగే చోట, హెడ్డు ఆకారం వల్ల కాస్త ఉబ్బు వస్తుంది. ఈ రెండూ కలిసి చెవికి "నిండుగా ఉంది" అనిపిస్తాయి. భ్రమేమీ కాదు, ఉన్నదే. కాకపోతే మీ గది గురించి మీరే రాశారు: కింద టైల్స్, గోడలకు కోడిగుడ్ల అట్టలు, చవక కండెన్సర్ మైకు. ఆ రకం మైకులు చాలావాటికి పైస్థాయి అసలే ఎక్కువ. టైల్స్ దాన్ని తిప్పి కొడతాయి. కోడిగుడ్ల అట్ట ఆ పైస్థాయినే కొంచెం చెదరగొడుతుంది, మిగతా గదిని ఏమీ చేయదు. ప్లాస్టిక్ బిందె అక్కడుంది. ఆ బిందెను టేపు మీదికి ఎక్కిస్తే టేపు మీద ప్లాస్టిక్ బిందె వినిపిస్తుంది.

ఒక పని చేసి చూడండి. పాత పత్తి పరుపులు రెండు గోడకు నిలబెట్టి, కింద జంపఖానా పరిచి, మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పి ఒక్క తత్వం పాడండి. దాని తర్వాత కూడా టేపు కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు మిషన్ దగ్గరికి వస్తాను. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలన్న మాట సగమే నిజం. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 117కి దించుతుంది గానీ, కరెంటు సైకిళ్ళను మార్చదు. మనది సెకనుకు 50, అమెరికాది 60. ఈ మిషన్‌లో టేపును లాగే క్యాప్‌స్టన్ మోటరు సైకిళ్ళను బట్టి తిరిగే రకం. 60కి తయారైనది 50 మీద నడిస్తే వేగం ఆరింట ఐదు వంతులే. సరైన వేగంతో రికార్డు చేసిన టేపు ఏదైనా దాని మీద వేస్తే హార్మోనియం మీద మూడు మెట్లు, ఇంకా కొంచెం కిందికి దిగి వినిపిస్తుంది. పంచమానికి వెళ్ళాల్సిన గొంతు మధ్యమం కూడా అందుకోదు. ఇందులో ఇంకో మాయ కూడా ఉంది. ఆ మిషన్ మీదే రికార్డు చేసి ఆ మిషన్ మీదే వింటే తేడా అసలు తెలియదు, రెండుసార్లూ ఒకే నెమ్మది కాబట్టి. అమ్మేవాడు మీ ఎదురుగా మీ గొంతే రికార్డు చేసి వినిపిస్తాడు, మీరు మురిసిపోతారు. వెనక రేకు మీద ఏమి రాసుందో ఫోటో అడగండి. 117 వోల్టులు, 60 సైకిళ్ళు అని మాత్రమే ఉంటే మోటరు కప్పీ మార్పించాలి, లేదా 60 సైకిళ్ళ కరెంటు ఇచ్చే మంచి ఇన్వర్టర్ పెట్టాలి. రెండూ సాధ్యమే, రెండూ ఖర్చే.

ఖర్చుల జాబితా అక్కడితో ఆగదు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదు. నేను మద్రాసులో టేప్ అసిస్టెంటుగా చేరిన రోజుల్లో నా మొదటి పని పాటలు వినడం కాదు. పొద్దున ఎనిమిదిన్నరకు దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి హెడ్లు తుడవడం. తెల్లటి దూది మీద బెల్లం పాకం రంగు మరక దిగేది. మరక రాని దాకా పుల్లలు మార్చాలి. తర్వాత హెడ్డుకు పట్టిన అయస్కాంతాన్ని వదిలించే డీమ్యాగ్నెటైజర్‌ను హెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి, మెల్లగా, చాలా మెల్లగా చేయంత దూరం వెనక్కి లాగి అప్పుడు స్విచ్ ఆపాలి. దగ్గర పెట్టి ఆపితే ఉన్నదానికన్నా ఎక్కువ అయస్కాంతం పట్టించినట్టే. ఆ తర్వాత ఇంజినీరుగారు టెస్ట్ టేపు వేసి, చిన్న స్క్రూడ్రైవర్‌తో ట్రాకు ట్రాకుకీ సరిచూసేవారు. పాటగాళ్ళు పదికి వచ్చేవారు. గంటన్నర పని, రోజూ. మీ దగ్గర ఆ పని ఎవరు చేస్తారు? యాభై ఏళ్ళ మిషన్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, టేపును నొక్కిపట్టే రబ్బరు చక్రం జిగురుగా మారి ఉండొచ్చు, హెడ్డు అరిగి ఉండొచ్చు. హెడ్డు మీద గోరు అడ్డంగా గీస్తే గాడి తగిలిందంటే దాని ఆయుష్షు చాలావరకు అయిపోయినట్టే. మన మే నెల వేడి, మీ మేడ మీది రేకుల గది, వాటికి ఏసీ ఎటూ తప్పదు.

టేపు కూడా చూసుకోండి. పదిన్నర అంగుళాల రీలు మీద రెండున్నర వేల అడుగులుంటుంది. సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిపితే 33 నిమిషాలు. ఇప్పుడు కొత్త టేపు తయారుచేసేవారు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కే: ఫ్రాన్స్‌లో రికార్డింగ్ ది మాస్టర్స్, అమెరికాలో ఏటీఆర్ మ్యాగ్నెటిక్స్. అక్కడినుంచి తెప్పించుకోవాలి, ఒక్కో రీలు వేలల్లోనే. పాత స్టాకు చవగ్గా దొరుకుతుందని ఎవరైనా ఆశపెడితే జాగ్రత్త. డెబ్భై, ఎనభైల నాటి కొన్ని టేపుల్లో, ముఖ్యంగా పేరుమోసిన ఆంపెక్స్ 456లో, ఆక్సైడ్‌ను పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడింది. నడిపితే హెడ్లకు బంకలా అంటుకుని, కీచుమని అరిచి ఆగిపోతుంది.

నాలుగు ట్రాకులతో బీటిల్స్ వాళ్ళు ఎంత చేశారో అని రాశారు. నిజమే, 1967లో లండన్ ఈఎంఐ స్టూడియోలో వాళ్ళు వాడింది స్టూడర్ జె37 నాలుగు ట్రాకుల మిషన్లే. మిషన్లు, అని బహువచనం గమనించండి. ఒకదాని మీద ట్రాకులు నిండాక కలిపి రెండోదాని మీదికి దించేవారు. వెనకాల ఇంజినీర్ల దండు ఉండేది. మీ దగ్గర ఒకటే మిషన్ ఉంటుంది కాబట్టి మూడు ట్రాకులు కలిపి నాలుగోదాని మీదికి దించి, ఆ మూడూ చెరిపి మళ్ళీ వాడుకోవాలి. దించిన ప్రతిసారీ "స్‌స్" అనే రొద పెరుగుతుంది, మెరుపు తగ్గుతుంది, కలిపింది మళ్ళీ విడిపోదు. హార్మోనియం ఎక్కువైందని వారం తర్వాత తెలిస్తే, ఎక్కువగానే ఉంటుంది ఎప్పటికీ.

మీకు నచ్చింది ఆ "ఎప్పటికీ" అనేదేనని నాకు తెలుసు. "అన్‌డూ లేని మిషన్ అయితే నేను పాట పూర్తి చేస్తాను సార్" అని రాశారు. నా అనుభవం ఒకటి చెప్తాను. రెండంగుళాల టేపు మిషన్ మీద ఒక సినిమా పాట. స్టూడియో పేరు ఎందుకులెండి. చరణంలో ఒక్క మాట దగ్గర వయొలిన్ మళ్ళీ వేయాలి. నేను నొక్కాల్సింది ఎనిమిదో ట్రాకు రికార్డు ఎర్రదీపం, నొక్కింది ఏడోది. ఏడులో గాయకుడున్నాడు. నాలుగు సెకన్లు. గాజు అవతల వయొలిన్ ఆయన హాయిగా వాయించేసి తలూపాడు. వెనక్కి తిప్పి వేస్తే పాట మధ్యలో మనిషి మాయం, తర్వాత మళ్ళీ వచ్చాడు. సంగీత దర్శకుడు నన్నేమీ అనలేదు, కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. గేటు దాటిన కారును వాచ్‌మన్ పరిగెత్తి ఆపాడు. గాయకుడు వచ్చి ఆ నాలుగు సెకన్లు పాడి పోయాడు. కానీ గొంతు అదే కాదు, అప్పటికే కాఫీ తాగేశాడు. ఆ పాట ఎక్కడైనా వస్తే నాకు ఈ రోజుకీ ఆ అతుకు వినిపిస్తుంది.

అన్‌డూ లేకపోవడం అంటే అది. అప్పట్లో పాటలు పూర్తయింది అన్‌డూ లేనందుకు కాదు, మధ్యాహ్నం రెండింటికి ఇంకో నిర్మాత బుకింగ్ ఉన్నందుకు. మీకు కావాల్సింది రెండింటికి వచ్చే ఆ నిర్మాత. మిషన్ కొంటే ఆయన రాడు. పైగా మిషన్ పాడైన నెలంతా "మిషన్ బాగయ్యాక" అనే కొత్త సాకు దొరుకుతుంది. కంప్యూటర్ ఆ సాకు కూడా ఇవ్వలేదు మీకు.

ఇక రీళ్ళు. ఉత్తరంలో వీటికి అర పేజీ ఇచ్చి, మిషన్‌కు మూడు పేజీలిచ్చారు. నేనైతే తిప్పి రాసేవాణ్ణి. ఈ మిషన్ కొంటే ఆ రీళ్ళు వినొచ్చని మీ లెక్క. 3340ఎస్‌కు రెండే వేగాలు: 15, ఏడున్నర. ఇంట్లో టేపు ఆదా చేసుకునేవాళ్ళు ఎక్కువగా వాడింది దానికన్నా నెమ్మది, సెకనుకు మూడుముప్పావు అంగుళాలు. మీ రీళ్ళు ఆ వేగానివైతే ఈ మిషన్ మీద జేజినాయన పద్యం రెట్టింపు వేగంతో కీచుకీచుమంటుంది. కంప్యూటర్లోకి ఎక్కించి సగానికి దించొచ్చు గానీ పైస్థాయి సర్దుబాటు తేడా వస్తుంది, దాన్ని మళ్ళీ దిద్దుకోవాలి. అదీగాక అమెరికా మోటరు అయితే ఆ ఆరింట ఐదు వంతుల లెక్క కూడా కలుస్తుంది. ఒకటి మాత్రం ఈ మిషన్‌లో కలిసొచ్చేది ఉంది. ఇంటి రీళ్ళు స్టీరియో పద్ధతిలో రెండువైపులా రికార్డు చేసినవైతే, నాలుగు ట్రాకుల హెడ్డు రెండువైపులనూ ఒకేసారి చదువుతుంది. రెండు ట్రాకులు సరిగ్గా వస్తాయి, రెండు వెనకనుంచి ముందుకు వస్తాయి. వాటిని కంప్యూటర్లో తిప్పేయొచ్చు.

భయం వేసేది వేరే చోట. క్యాసెట్‌కి వెనక విరగ్గొట్టే ప్లాస్టిక్ ముక్క ఉండేది గుర్తుందా, అది విరగ్గొడితే ఎవరూ చెరపలేరు. రీలుకు ఆ ముక్క లేదు. నాలుగు ట్రాకులకూ నాలుగు రికార్డు మీటలున్న మిషన్, కొత్త మోజు, పక్కన ఇద్దరు స్నేహితులు. ఒక్క మీట పొరపాటున కిందికుంటే జేజినాయన నాలుగు సెకన్లు కాదు, ఎంతసేపు చూసుకోకపోతే అంతసేపు పోతాడు. నేను పరిగెత్తి కారు ఆపించగలిగాను. మీరు ఎవరిని ఆపిస్తారు?

కాబట్టి ఆ తొమ్మిది రీళ్ళూ మిషన్ కొంటారా లేదా అన్న దానితో ముడిపెట్టకండి. వాటిని ఇంకొకరి చేతిలో, రోజూ ఆ పని చేసేవాళ్ళ చేతిలో డిజిటల్ చేయించండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, ఏమీ శుభ్రం చేయకుండా ఉన్నదున్నట్టు ఒక కాపీ ఇవ్వమనండి. రొద తీయడం తర్వాత మీరే చేసుకోవచ్చు. చెన్నై, బెంగళూరుల్లో విచారించండి. గుర్‌గావ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత ఆర్కైవ్ ఉంది, ఇలాంటి రికార్డింగులు భద్రపరచడమే వాళ్ళ పని, సలహా అడుగుతూ ఒక ఉత్తరం రాయొచ్చు. రేడియోలో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు మీ ఊళ్ళోనే ఉంటారు, ఆకాశవాణి కేంద్రం ఉన్న ఊరు కదా. టేపు చూడగానే వాళ్ళ చేతులకు పాత జ్ఞాపకం వచ్చేస్తుంది. సురభి నాటకం పుట్టిన జిల్లాలో పద్యం రీళ్ళు దొరికాయంటే వాళ్ళే టీ తాగకుండా వస్తారు.

అంతవరకు వాటిని నడపొద్దు, వేగంగా చుట్టొద్దు. ఒక్కో రీలు తీసి పక్కనుంచి వెలుతురుకు పట్టండి. చుట్ట గుండా వెలుగు కనిపిస్తే అది ఎసిటేట్, పెళుసు రకం. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ లాంటి పులిసిన వాసన వస్తే తొందరపడాలి. టేపును సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచి బాగుచేస్తారని ఎక్కడో చదివానన్నారు, అది జిగురు మెత్తబడిన పాలిస్టర్ టేపులకు మాత్రమే, అదీ తాత్కాలికంగా. ఎసిటేట్‌ను వేడి చేస్తే పోతుంది. మీ ఇంటి ఓవెన్‌లో ఏదీ చేయొద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు. కొనడం ఒకటి. కొంటే చెన్నై వెళ్ళి గంటసేపు వేడెక్కనిచ్చి చూడండి, జబ్బులన్నీ వేడెక్కాకే బయటపడతాయి. నాలుగు ట్రాకులూ రికార్డు చేసి వినండి, మీ ఫోన్‌లోంచి ఒకే స్వరం నిలకడగా ఎక్కించి వణుకుతుందేమో చూడండి. ధర లక్షా అరవై అనుకోకండి, మొదటి ఏడాదిలో రిపేరు, టేపు, కరెంటు ఏర్పాటు కలిపి ఇంకో సగం చేతిలో పెట్టుకోండి. దానికి పని దొరకొచ్చు, "టేపు మీద చేయించుకుంటాం" అని బెంగళూరు కుర్రాళ్ళు రావచ్చు. రాకపోవచ్చు కూడా. అయ్యప్ప భజన బృందం మాత్రం అడగదు, వాళ్ళకు రేపటికి యూట్యూబ్‌లో పడాలి.

చిన్నదానితో మొదలుపెట్టడం ఇంకొకటి. 1979లో టియాక్ వాళ్ళే పోర్టాస్టూడియో అని మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు ఎక్కించే మిషన్ తెచ్చారు. క్యాసెట్‌ను రెట్టింపు వేగంతో, ఒకేవైపు నడుపుతుంది, అరవై నిమిషాల క్యాసెట్ పదిహేను నిమిషాలే వస్తుంది. శబ్దం రీలు అంత ఉండదు, రొద ఎక్కువ. కానీ ఆ రకం వాడినవి ఇంకా దొరుకుతాయి, పాడైనా గుండె పగలదు. టేపు మీద పనిచేయడం మీ ఒంటికి పడుతుందో లేదో మూడు నెలల్లో తెలిసిపోతుంది.

ఏమీ కొనకపోవడం కూడా ఒక దారే. నిజం చెప్పాలంటే నా మనసు ఇటే మొగ్గుతోంది, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆ ఎనిమిది తత్వాల్లో ఒక్కటి తీసుకోండి. డెబ్భై ట్రాకులనూ ఒక ఫోల్డర్లో పడేసి మూత పెట్టండి. హార్మోనియం, మద్దెల, చెక్కలు, మీరు, ఒక ఆదివారం అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. రెండు మైకులు. మూడు టేకులు, మధ్యాహ్నం భోజనం వరకే. మద్దెల ఆయన్ని భోజనానికి పిలిచి, తర్వాత ఇంకో ఊళ్ళో ఆయనకు భజన ఉన్న రోజే ఎంచుకోండి. అదే మీ రెండింటి నిర్మాత. నచ్చకపోతే పోయేది ఆదివారం భోజనం ఖర్చు. ఇలా చేశాక కూడా "ఇంకా టేపు కావాలి" అనిపిస్తే ఆ కోరిక నిజమైనది, అప్పుడు అప్పు చేసినా నేను కాదనను.

ఇక నల్ల ఇంకు వాక్యం. ఆమె అడిగిన ప్రశ్న మీకు వెటకారంలా తోచింది. నాకు అది లెక్క అడిగినట్టు వినిపించింది. జాకెట్టుకు ఇంత అని కుట్టే మనిషి, మిషన్ కొంటే నెలకు ఎన్ని అని అడగడం సహజం. ఆమె కూడా ఒక మిషన్ మీదే బతుకుతోంది కదా. బాబిన్ ఇరుక్కుంటే ఎంత టెన్షనో, బెల్టు తెగితే ఎన్ని రోజుల పని పోతుందో ఆమెకు మీకన్నా బాగా తెలుసు. సంగీతాన్ని వద్దన్నట్టు మీరు రాసిన ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. చీటీ డబ్బు ఆమెది, ఫీజు పాపది. ఆ డబ్బు మీద మిషన్ కొనే హక్కు మీకు లేదని నా అభిప్రాయం, ఆమె సరేనంటే తప్ప.

అడ్వాన్స్ సంగతి మీరే చెప్పండి, ఈ వారంలోనే. చెన్నై ఆయన ఫోన్ చేసినప్పుడు తెలియడం వేరు. చెప్తే ఒకటి రెండు రోజులు మాటలు పడతారు, పడండి. తర్వాత ఇద్దరూ కలిసే అతనికి ఫోన్ చేసి, వెనక రేకు ఫోటో అడగండి. 60 సైకిళ్ళే ఉంటే "ట్రాన్స్‌ఫార్మర్ చాలు అన్నారు, చాలదు కదా" అని అడ్వాన్స్ వెనక్కి అడగడానికి మీకొక న్యాయమైన కారణం దొరుకుతుంది. మొత్తం ఇస్తాడని నేను హామీ ఇవ్వలేను. పది పోయి ఇరవై వచ్చినా తీసుకోండి, రీళ్ళ డిజిటల్ ఖర్చులో కొంత దానిలోంచే వెళ్తుంది. రసీదు లేదన్నారు. కనీసం డబ్బు పంపిన మెసేజ్ చెరపకండి.

చివరగా, మూడో పేజీలో ఒక్క వరుసలో రాసి వదిలేశారు: మీ మేనత్తకు 81, ఆ రికార్డింగులు జరిగినప్పుడు ఆ గదిలోనే ఉండేదని. రీళ్ళ మీద పేర్లు లేవు కాబట్టి ఏ పద్యం ఎవరు పాడారో, "వన్స్ మోర్" అని అరిచింది ఎవరో, వెనకాల దగ్గింది ఎవరో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. డిజిటల్ కాపీ వచ్చే దాకా ఆగకండి. అట్టపెట్టెలు తీసుకుని వెళ్ళండి, మీ ఆవిడనూ తీసుకెళ్ళండి, అత్త మాటలు రాబట్టడం మీకన్నా ఆమెకే చేతనవుతుంది. ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి పక్కనుంచండి. ఆ రేకు పెట్టె ఇంకా మేడ మీది గదిలోనే ఉంటే ఈ సాయంత్రమే కిందికి దించి, మంచం కింద కడప బండ మీద, టీవీకీ స్పీకర్లకూ దూరంగా, రీళ్ళను నిలువుగా పెట్టండి.